బావమరిది పెట్టిన వరస

మా ఆవిడ తమ్ముణ్ని మా కంపెనీలో చేర్పించింది నేనే. పెందుర్తిలో మా ఇంట్లోనే, ముందుగదిలో ఉండేవాడు. ఆఫీసుకి నా బండి వెనక కూర్చుని వచ్చేవాడు.

మా కంపెనీ చేసేది స్టోరేజ్ సాఫ్ట్‌వేర్. పెద్ద ఆఫీసుల సర్వర్లలో డిస్కులు ఎంత నిండాయి, ఏది పాడైంది అన్నది ఒక్క కమాండ్ కొడితే తెలిసిపోతుంది. ఆ సర్వర్లు కొన్ని లినక్స్ సిస్టమ్ మీద, కొన్ని విండోస్ మీద నడుస్తాయి. లినక్స్‌లో ఆ కమాండ్ రాసింది నేను. విండోస్‌లో రాసింది వేరే టీమ్. కమాండ్ పేరు ఒకటే గాని చూపించే తీరు వేరు. నాది వాడిన జాగా ముందు, ఖాళీ జాగా తరువాత చూపిస్తుంది. వాళ్లది తిరగేసి చూపిస్తుంది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది, ఎవరూ పట్టించుకోలేదు.

పోర్టులో సరుకు లెక్కలు చూసే ఒక ఆఫీసు వాళ్లు కొన్ని సర్వర్లని లినక్స్ నుంచి విండోస్‌కి మార్చారు. మా కమాండ్ చూపించే అంకెల్ని చదివే చిన్న ప్రోగ్రామ్ వాళ్ల దగ్గర ఉంది. అది ఖాళీ జాగాని వాడిన జాగా అనుకుని, ఖాళీ డిస్కులన్నీ నిండిపోయాయని గోల పెట్టింది. ఫిర్యాదు మా దాకా వచ్చింది. ఏ సిస్టమ్ మీదైనా ఒకేలా కనబడాలి, ఎవరో ఒకరు కూర్చుని ఆ రూపం ఖరారు చెయ్యాలి అన్నాడు మేనేజర్. ఆ ఒకరు నేనేనన్నదాంట్లో నాకు అనుమానం లేదు. మీటింగ్‌ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

పని బావమరిదికి ఇచ్చారు. ఫిర్యాదు వచ్చిన వెంటనే వాడు రెండు కమాండ్లూ చూపించేవి పక్కపక్కన పెట్టి చూసుకున్నాడట. తేడా ఎక్కడెక్కడ ఉందో మీటింగ్‌లో గడగడా చెప్పాడు. నేను చూసుకోలేదు. నాది సరిగ్గానే ఉందన్న ధీమా నాది.

సాయంత్రం గోపాలపట్నంలో లారీల వెనక బండి ఆగినప్పుడు వెనక నుంచి అడిగాడు.

"బావా, కోపమొచ్చిందేటి?"

"నాకేటి కోపం? సెయ్యి, బాగా సెయ్యి."

వాడు నమ్మాడు. ఆ నమ్మడం కూడా నాకు నచ్చలేదు. ఇంటికెళ్లేసరికి వాళ్లక్కకి ఫోన్లో కబురు చేరిపోయింది. ఆ పూట వంజరం ముక్కల్లో ఎప్పుడూ నా కంచంలో పడే నడిమి ముక్క వాడి కంచంలో పడింది. నేను చేపలు వద్దని చారు పోసుకున్నాను.

తరువాత వాడు రాసినదాన్ని పరిశీలించి తప్పులు చెప్పే పని నాకు వచ్చింది. ఎంత ఇష్టంగా చేశానో చెప్పలేను. ఈ మాట బాలేదు, ఆ గీత ఎక్కువైంది అని ప్రతిదానికీ ఒక మాట రాశాను. వాడు నొచ్చుకోలేదు. "బావ సెప్పింది రైటే" అని ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయాడు. చివరికి గట్టి తప్పే దొరికిందనుకుని వాడి సీటు దగ్గరికే వెళ్లాను.

"డిస్కు బాగుందా పాడైందా అన్నది ముందుకి తెచ్చినావు. పాత వరస నమ్ముకున్న కస్టమర్ల ప్రోగ్రాములన్నీ ఏటైపోవాల?"

"పాతదే కావాలన్నోళ్లకి ఒక ఆప్షన్ పెట్టినాను బావా. అది కొడితే నీ వరసే వస్తాది."

నా సీటుకి వచ్చి కూర్చున్నాను. అది నాకు తట్టాల్సిన ఆలోచన. ఆ కమాండ్‌తో అన్నేళ్లు కాపురం చేసింది నేను.

కొత్త కమాండ్‌ని అన్ని మెషీన్ల మీదా నడిపి సరిపోల్చిన రోజున, కంటికి ఒకేలా ఉన్నా ప్రతి లైనులోనూ తేడా ఉందని కంప్యూటర్ చూపించింది. బావమరిదీ, వాడితో పనిచేసేవాళ్లూ తలలు పట్టుకున్నారు. నాకు చూడగానే అర్థమైంది. విండోస్‌లో లైను చివర కనబడని అక్షరం ఒకటి అదనంగా పడుతుంది. ఆ మాట మేనేజర్‌కి వినబడేలా గట్టిగానే చెప్పాను. ఆయన ఫోన్‌లో ఉన్నాడు, వినలేదు.

బావమరిది మాత్రం ఇంట్లో చెప్పాడు. "బావ లేకపోతే ఇంకా ఎతుకుతానే ఉందుం అక్కా."

"మరంత తెలిసినోరు, ఆ పని మీకే ఇవ్వొచ్చు కదా?" అంది మా ఆవిడ నా వైపు తిరిగి. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేను టీవీ సౌండ్ పెంచాను.

కొత్త వెర్షన్ వెళ్లింది. పోర్టు ఆఫీసు వాళ్లు ఇప్పుడు బాగుందని రాశారు. మేనేజర్ ఆ మెయిల్‌ని వాడి పేరు పెట్టి అందరికీ పంపాడు. నేనూ కింద అభినందనలు రాశాను, అందరికంటే ఆఖరున. కొన్నాళ్లకి వాణ్ని ఒక టీమ్‌కి లీడ్ చేశారు. గోపాలపట్నంలో అద్దెకి ఒక పోర్షన్ తీసుకుని వెళ్లిపోయాడు. సామాను ఆటోలోకి ఎక్కించింది నేనే. గది ఖాళీ అయినందుకు మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఊపిరి ఆడినట్టయింది.

మొదటి ఆదివారం భోజనానికి పిలిచాడు. కిటికీ పక్కన కొత్త బల్ల, దానిమీద ఎంతో వెడల్పైన స్క్రీన్. నా కోసం కుర్చీ తుడిచి, "నువ్వే ముందు కూకో బావా" అన్నాడు. కూర్చుని చూశాను. కుర్చీ కూడా బాగుంది.

తిరుగు దారిలో మా ఆవిడ అడిగింది. "ఏటి, మాటాడరు?"

"ఏటీ లేదు. ఆ స్క్రీన్ ఎక్కడ కొన్నాడో కనుక్కో" అన్నాను.