పూజకెళ్ళే ఫాతిమా

మే పదమూడున పుట్టిన ఆడపిల్లకు ఫాతిమా అని పేరు పెడితే ఫిరంగిపురంలో ఎవరూ వింతగా చూడరు. అది కాథలిక్కులకు ఫాతిమా మాత పండుగ రోజు. ఆదివారం గుడిలో నిలబడి "ఫాతిమా!" అని పిలిస్తే ఆడవాళ్ల వైపు నుంచి కనీసం అయిదు తలలు తిరుగుతాయి. అలాంటి ఊళ్లో పుట్టి, బి.ఇడి. చదివి, జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఇంజనీరుగా పనిచేసే బాలశౌరిని పెళ్లాడి, ఇద్దరు పిల్లలతో దేశం దాటొచ్చి సెరంగూన్‌లో ఫ్లాటులో దిగిన ఫాతిమాకు, తన పేరు వినగానే జనం ఇంకేదో అనుకుంటారని ఇక్కడికొచ్చాకే బోధపడింది.

బ్లాకు కింద చైనీస్ న్యూ ఇయర్ విందు జరిగితే ఆశగా ప్లేటు పట్టుకుని వెళ్లింది. అందరికీ పేరు చీటీలు అంటించారు. ఆమె చీటీ చదివిన ఒకావిడ పాపం పరుగున వచ్చి, పంది మాంసం గిన్నెను దూరంగా జరిపి, "డోంట్ వర్రీ, ఈ సైడ్ అంతా కూరగాయలే లా" అని, ఇక్కడివాళ్లు ప్రతి మాటకూ తగిలించే ఆ "లా"తో సహా అభయమిచ్చింది. ఫాతిమా పది నిమిషాలుగా వరసలో నిలబడింది ఆ గిన్నె కోసమే. అంత ప్రేమగా చెప్పిన మనిషితో వాదించలేక క్యాబేజీ తిని ఇంటికొచ్చింది.

అది నవ్వుకుని మరిచిపోదగిన సంగతి. లిఫ్టులో జరిగింది మాత్రం మరిచిపోలేకపోయింది.

తొమ్మిదో అంతస్తులో ఎదురింటి అన్వరి బేగం హైదరాబాదు ఆవిడ. ఫాతిమా అనే తెలుగమ్మాయి దిగిందని తెలిసి, సామాను విప్పకముందే ఖర్జూరాల డబ్బాతో వచ్చి పలకరించింది. ఆ ఆదివారమే లిఫ్టులో మళ్లీ కలిసింది. ఫాతిమా ఆవిణ్ని చూసుకోకుండా, నత్తలా నడుస్తున్న పెద్దకూతురు నిఖిలను అదిలించింది.

"నడవ్వే, పూజకు టైమైపోతోంది!"

అన్వరి బేగం ఆమెను ఎగాదిగా చూసింది. "ఏంది బేటా? నువ్వు ఫాతిమావి గద. పూజకు పోతున్నవా?"

ఫాతిమా మొదలుపెట్టింది. గుంటూరు వైపు కాథలిక్కులు మాస్‌ను పూజ అంటారనీ, ఫాతిమా అన్నది మాత కనిపించిన ఊరి పేరనీ, ఆ ఊరు పోర్చుగల్‌లో ఉందనీ. పోర్చుగల్ దగ్గరికి వచ్చేసరికి లిఫ్టు కిందికి చేరింది.

"నాకేం సమజ్ గాలే బేటా. మంచిగ పోయి రా" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఫాతిమాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ రోజు నుంచి ఇంట్లో పూజ అన్న మాట నిషేధం. "మాస్ అనాలి. అర్థమైందా?" అని పిల్లలిద్దరికీ హుకుం జారీ అయింది. ఊరి నుంచి తల్లి లూర్దమ్మ ఫోన్‌చేసి "పూజకెళ్లారటే?" అని మొదలుపెడితే, పక్కన ఎవరైనా ఉంటే చాలు, ఫాతిమా చేయి స్పీకర్ ఆపేసే బటన్ మీదికి పోయేది.

పిల్లలకు బడిలో సీటు దొరకలేదు. టీచరుద్యోగం వదిలొచ్చిన మనిషి చేతులు ఊరుకుంటాయా? ఇంట్లోనే బడి పెట్టింది. అమెరికా నుంచి కాథలిక్ హోమ్‌స్కూల్ పుస్తకాలు పెట్టెడు తెప్పించింది. పుస్తకం చెప్పిందే వేదం, వెనకనున్న జవాబుల పేజీ తీర్పు. తొమ్మిది గంటలకు చేతిగంట కూడా కొట్టేది. వచ్చేది ఎనిమిదేళ్ల నిఖిల, అయిదేళ్ల ప్రణవి. ఇద్దరూ పక్కగదిలోంచే వచ్చినా రోజూ ఆలస్యమే.

భూగోళం పుస్తకంలో ఆసియా పాఠం వచ్చింది. "ఆసియా మనకు చాలా దూరాన, మహాసముద్రానికి ఆవల ఉంది" అని మొదటి వాక్యం. నిఖిల కిటికీలోంచి బయటికి చూసింది.

"అమ్మా, వేర్ ఈజ్ దిస్ ప్లేస్?"

"నోర్మూసుకుని చదువు."

ఆ వారం చేయవలసిన పనులు కింద ఇచ్చారు. ఆసియా వంటకం ఒకటి వండి చూడండి. అక్కడివారిలా చేత్తో అన్నం తినండి, బల్లమీద ముందు పాత పేపర్లు పరచుకోండి. పెద్దల తోడుతో ఒక ఆసియా మనిషిని కలవండి. నిఖిల పప్పన్నం తింటూ మూడింటికీ టిక్కు పెట్టేసింది. మూడో దాని పక్కన "డాడీ" అని రాసింది.

తంటా అంతా నలభై రెండో పేజీలో వచ్చింది. ఎడమవైపు మాటలు, కుడివైపు మతాల గడులు. ఏది ఎవరిదో గీత గీసి కలపాలి. పూజ. ప్రసాదం. కొబ్బరికాయ కొట్టడం. గుండు గీయించుకోవడం. చెప్పులు విడిచి ప్రార్థించడం. ఫాతిమా అనే పేరు. నిఖిల స్కేలు పెట్టి ఆరింటినీ తిన్నగా ఒకే గడికి కలిపింది. ఆ గడిలో "కాథలిక్కులు, అంటే మనం" అని ఉంది.

ఫాతిమా ఎర్రపెన్ను తీసింది. జవాబుల పేజీ చూసింది. ఆరింటికి ఆరూ తప్పు. పాప చెప్పింది అబద్ధం కాదని ఆమెకు తెలుసు. లూర్దమ్మ తెల్లవారుజామున పూజకు వెళ్తుంది, గుడి బయట చెప్పులు విడుస్తుంది, గుణదల మాతకు కొబ్బరికాయ కొడుతుంది, మొక్కుకుని రెండుసార్లు గుండు గీయించుకుంది. అయినా జవాబు జవాబే. ఎర్ర ఇంటూలు వేస్తూ ఆరోదాని దగ్గరికొచ్చి, తన పేరు మీద కూడా ఒకటి వేసింది. కింద పెద్ద సున్నా చుట్టింది.

ఆ సున్నా వేళ కాని వేళ పడింది. నిఖిల మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో గురువు ఇచ్చే రొట్టె, తీసుకోవలసిన ఏడాది అది. మామూలుగా ఏ పిల్లయినా రెండేళ్లు చర్చిలో ఆదివారం క్లాసుకు రావాలి. ఇంట్లోనే నేర్పుతానని ఫాతిమా బతిమాలితే, ఇక్కడి చర్చిని చూసుకునే విచారణ గురువు ఫాదర్ సిరిల్ ఒక షరతు పెట్టాడు. "పాప పుస్తకాలన్నీ పట్రా. ఐ విల్ టాక్ టు హర్. సరిగ్గా చెబితే ఈ ఏడాదే. లేకపోతే క్లాసులో కూర్చోవాలి, వచ్చే ఏడాది చూద్దాం." ఊళ్లో లూర్దమ్మ అప్పటికే తెల్లగౌను కుట్టించి, టిక్కెట్టు తీయించి, వీధి వీధంతా చాటింపు వేసింది.

పుస్తకాలన్నీ అంటే భూగోళం కూడా. కాథలిక్ పిల్ల పూజ, గుండు, కొబ్బరికాయ మావే అని రాసిందని ఫాదర్ చూస్తే ఇంకేమన్నా ఉందా! ఫాతిమాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు నిఖిలను కూర్చోబెట్టి సరైన జవాబులు పదేసి సార్లు రాయించింది. పిల్ల మారుమాట్లాడకుండా రాసింది. అలా మాట్లాడకపోవడమే విడ్డూరమని ఫాతిమాకు తట్టలేదు.

ఫాదర్ సిరిల్ డెబ్బై ఏళ్ల చైనీస్ మనిషి, వాళ్లలో టియోచూ అనే తెగవాడు. గది తలుపు తెరిచే ఉంచాడు. ఫాతిమా వరండాలో బెంచీ మీద జపమాల పట్టుకుని కూర్చుంది. నిఖిల పది ఆజ్ఞలూ గడగడా అప్పజెప్పింది. రొట్టె క్రీస్తు శరీరం ఎలా అవుతుందో కూడా చక్కగా చెప్పింది. ఫాదర్ సంతోషించాడు.

"వెరీ గుడ్. సో నెక్స్ట్ మంత్ రిసీవ్ చేసుకుంటావా?"

చిన్న గొంతు వినిపించింది.

"కెనాట్ లా, ఫాదర్."

ఫాతిమా చేతిలో పూసలు ఆగిపోయాయి.

"వై కెనాట్?"

సంచీలోంచి భూగోళం పుస్తకం తీసిన చప్పుడు. "పేజ్ ఫార్టీ టూ చూడండి ఫాదర్. అమ్మమ్మ దీన్ని సత్ప్రసాదం అంటుంది. ప్రసాదం హిందూస్‌ది. నేను తీసుకోకూడదు. పూజ కూడా వాళ్లదే. అమ్మమ్మ రోజూ పూజకే వెళ్తుంది, సో అమ్మమ్మ హిందూ. మమ్మీ పేరు ఫాతిమా, సో మమ్మీ ముస్లిం. మా ఇంట్లో డాడీ ఒక్కడే కాథలిక్. టెన్ టైమ్స్ రాశాను." పేజీ మీద వేలితో తట్టిన చప్పుడు. "అమ్మమ్మకి జీరో వచ్చింది ఫాదర్. మమ్మీయే వేసింది."

బెంచీ మీద ఫాతిమాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఫాదర్ ఏమంటాడోనన్న భయం ఎటో పోయింది. తెల్లవారకముందే ముసుగు కప్పుకుని లూర్దమ్మ తనను చేయి పట్టి పూజకు తీసుకెళ్లిన దారి కళ్లముందు కనపడింది. ఆ దారికి తను సున్నా చుట్టింది.

"ఫాతిమా, కమ్ ఇన్" అని పిలిచాడు ఫాదర్. "పూజ మీనింగ్ వాట్?"

"మాస్, ఫాదర్. మా భాషలో అలాగే అంటాం. మా ముత్తాతల నుంచీ."

"దెన్ వై జీరో?"

"జవాబుల పేజీలో అలా ఉంది ఫాదర్."

ఫాదర్ ఆ పేజీ మొదలు నుంచి చివరి వరకూ చదివాడు. పొట్ట కదిలేలా నవ్వాడు. "ప్రతి ఏడూ మా అమ్మమ్మ సమాధి దగ్గర నేను అగరొత్తులు వెలిగిస్తాను. ఈ బుక్‌లో చూస్తే నేను బౌద్ధుణ్ణి లా!" నవ్వు ఆపుకుని పుస్తకం ఫాతిమా ముందుకు తోశాడు. "గర్ల్ పాస్. మమ్మీ ఫెయిల్. ఇక్కడే కూర్చుని మళ్లీ దిద్దు."

పదేళ్లు టీచరుగా ఎందరివో పేపర్లు దిద్దిన ఫాతిమా, ఎనిమిదేళ్ల పిల్ల గుడ్లప్పగించి చూస్తుండగా ఇంటూలన్నీ కొట్టేసి ఆరింటికి ఆరు వేసింది. "అమ్మమ్మకి కూడా ఆరేనా?" అని నిఖిల గట్టిగా అడిగి రూఢి చేసుకుంది.

మొదటి సత్ప్రసాదం ఆదివారం రానే వచ్చింది. తెల్లగౌనులో నిఖిల, జరీచీరలో లూర్దమ్మ, ప్రణవిని ఎత్తుకున్న బాలశౌరి, అందరి వెనక ఫాతిమా లిఫ్టులోకి ఎక్కారు. తలుపు మూసుకోబోతుంటే చేయి అడ్డం పెట్టి అన్వరి బేగం ఎక్కింది.

"మాషా అల్లా, ఏం ముద్దుగుంది పిల్ల! ఎటు పోతున్నరు అందరు?"

లూర్దమ్మ నోరు తెరిచింది. అంతకన్నా ముందే ఫాతిమా అందుకుంది.

"పూజకు, ఆంటీ. మా అమ్మాయికి ఇవాళ సత్ప్రసాదం ఇస్తారు."

అన్వరి బేగం క్షణం ఆలోచించింది. "అట్లనా? అయితే ఆ పూజల మా పిలగాడు షాదాబ్‌కు కూడా దువా చెయ్ బేటా. రేపట్నుంచి వానికి పరీక్షలు."

"తప్పకుండా చేస్తానాంటీ."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. నిఖిల తల్లి చీర కొంగు పట్టి లాగింది.

"అమ్మా, పూజలో దువా అంటే ఏ గడికి గీత గీయాలి?"

"నడవ్వే" అంది ఫాతిమా, "పూజకు టైమైపోతోంది."