వరసలో చివరి పేరు

ఆ సోమవారం పొద్దున అక్క ఇంట్లో చేసిన ఆఖరి పని, అమ్మని అందరికంటే ముందు స్నానానికి పంపడం.

ఇంట్లో స్నానాల గది ఒక్కటే. దాని ముందు వరస పెట్టే పెత్తనం పదకొండేళ్ళుగా అక్కది. తమ్ముడికి నాలుగు నిమిషాలు, తమ్ముడి భార్యకి తొమ్మిది, అక్కకి పది, అమ్మకి ముప్పై ఐదు. తక్కువసేపు పట్టేవాళ్ళు ముందు, ఎక్కువసేపు పట్టేవాళ్ళు తర్వాత. అలా పంపితే బయట నిలబడి విసుక్కునే సమయం మొత్తమ్మీద బాగా తగ్గుతుందని, కొత్తగా కాపురానికొచ్చిన మరదలికి కాగితం మీద లెక్కవేసి మరీ చూపించింది. అలాంటి మనిషి ఆవేళ అమ్మ చేతికి తువ్వాలిచ్చి, "నువ్వెళ్ళమ్మా, మెల్లగానే కానీ" అంది.

తమ్ముడు బడిలో సైన్సు మాస్టారు. గడియారం చూసుకునేసరికి ఒళ్ళు మండింది.

"నీ రూలు నువ్వే తప్పితే ఎలాగక్కా? మొదటి పీరియడ్ నాది."

"అమ్మ రోజూ చివరే వెళ్తోంది. అప్పటికి వేణ్ణీళ్ళు అయిపోతున్నాయి. పదకొండేళ్ళలో ఒక్కమాట అందా?"

"అనలేదంటే ఇబ్బంది లేనట్టేగా."

"నేనూ అలాగే అనుకున్నాన్రా" అంటూ చెప్పులు తొడుక్కుని, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయింది. బస్టాపులో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

అక్క ఉద్యోగం ఏమిటో చుట్టాలెవరికీ చివరిదాకా అంతుపట్టలేదు. పెద్దాసుపత్రిలో ప్రణాళిక విభాగం అని చెబితే, "అంటే నర్సా?" అనేవాళ్ళు. నర్సు కాదు, డాక్టరు కాదు, గుమాస్తా కూడా కాదు. ఏ నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో ముందే లెక్కగట్టి పెద్దల ముందు పెట్టడం ఆవిడ పని. చేరిన కొత్తలో నెలరోజులపాటు ఆపరేషన్ గది వరండాలో స్టూలేసుకుని, చేతిలో స్టాప్‌వాచీతో కూర్చుంది. వార్డు ఆయాలు అప్పుడే 'లెక్కలమ్మ' అని పేరు పెట్టేశారు. నెల తిరిగాక పెద్ద సర్జన్ దగ్గరికి వెళ్ళి, "సార్, మీరు గంట అన్న ప్రతిదీ తొంభై నిమిషాలు పడుతోంది. ఇకమీదట మీ గంటని గంటన్నర అని రాసుకుంటాను" అందట. ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆసుపత్రిలోనూ ఆపరేషన్ గది ఒక్కటే. అక్కడా అక్క ఇంట్లో సూత్రమే పెట్టింది: చిన్నవి ముందు, పెద్దవి చివర. రోజుకి ఐదు జరిగేచోట ఏడు జరిగాయి. రోగులు ఎదురుచూసే రోజుల సగటు నలభై ఒకటి నుంచి ఇరవై మూడుకి దిగింది. కిందికి జారే ఆ గీతని సూపరింటెండెంట్ రంగుల్లో అచ్చేయించి, ఫ్రేము కట్టించి, కుర్చీ వెనక తగిలించుకున్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, లేతు మిషను మేస్త్రి ఒకాయన వెన్నులో గడ్డతో చేరాడు. అది ఐదు గంటల ఆపరేషన్. గది పొద్దున ఎనిమిదికి తెరుస్తారు, నాలుగుకి మూస్తారు. చిన్నవన్నీ ముగిసేసరికి ఒంటిగంట దాటేది. ఇక ఐదు గంటలు ఎక్కడ మిగులుతాయి? నాలుగుసార్లు జాబితాలో పేరెక్కి, నాలుగుసార్లూ వాయిదా పడింది. ప్రతిసారీ మంచినీళ్ళయినా ముట్టకుండా పస్తు. ఎడమకాలు అప్పటికే మొద్దుబారిపోయింది. కుడికాలికి తిమ్మిరి మొదలయింది.

ఆయన భార్య ఇళ్ళకి బట్టలు కుట్టే మనిషి. ఒకరోజు వరండాలో అక్కకి అడ్డంగా నిలబడింది.

"లెక్కలమ్మ అంటే మీరేనా అమ్మా?"

"అలాగే పిలుస్తారు."

"మా ఆయన పేరు ఎప్పుడు చూసినా అడుగునే రాస్తారేం?"

"పెద్ద ఆపరేషన్ కదమ్మా. ముందు చిన్నవి అయిపోతే ఎక్కువమందికి..."

"చిన్నవి ఎప్పటికి అయిపోతాయి? రోజూ కొత్తవి వస్తూనే ఉన్నాయిగా."

ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ కాలుగాలిన పిల్లిలా ముందుగదికీ వంటగదికీ తిరగడమే. కూర్చుంటే లేచేది, లేస్తే కాగితాలు తిరగేసేది. "ఎక్కడో ఒకచోట కుదురుగా ఉండవే, చూసే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది అమ్మ. నాలుగోనాటి సాయంత్రం, జవాబుపత్రాలు దిద్దుకుంటున్న తమ్ముడి ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పరీక్ష రాసినవాళ్ళ మార్కులకే సగటు తీసి, హాల్లోకే రానివ్వనివాళ్ళని వదిలేశావనుకో. ఎలా ఉంటుంది?"

"బ్రహ్మాండంగా ఉంటుంది. హెడ్మాస్టరుకి సన్మానం కూడా చేస్తారు."

"నా ఇరవై మూడూ అలాంటిదేరా. ఆపరేషన్ అయి బయటికొచ్చినవాళ్ళ రోజులే కలిపాను. ఇంకా కానివాళ్ళు అసలు కూడికలోనే లేరు. ముప్పై ఒక్కమంది ఉన్నారు. ఒకావిడ ఏడు నెలలనుంచి."

తమ్ముడు కలం మూత పెట్టాడు. "ఊరుకో అక్కా. నువ్వు చెప్పకపోతే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?"

"మేస్త్రి కాలికి తెలుస్తుంది."

గురువారం పెద్దల ముందు రెండు కాగితాలు పెట్టింది. మొదటిది ఇప్పటి పద్ధతి. రెండోదాంట్లో, రెండుసార్లు వాయిదాపడ్డవాళ్ళ పేరు మర్నాడు మొట్టమొదట రాయాలి. రోజుకి సగటున ఒకటో రెండో చిన్నవి తగ్గుతాయి, గోడమీద గీత మళ్ళీ పైకి లేస్తుంది. ఈ నష్టం కూడా దాచకుండా రాసింది. సూపరింటెండెంట్ వెనక్కి తిరిగి ఫ్రేము వంక చూసుకున్నాడు.

"ఇంతకీ ఏది మంచిదంటావమ్మా?" అన్నాడు.

"దేనికి ఎంత మూల్యమో చూపించడం వరకే నా పని సార్. ఎంచుకోవాల్సింది మీరు. నన్నడిగితే రెండోది."

పెద్ద సర్జన్ అందుకున్నాడు. "ఒక్కడికి ఐదు గంటలు పెడితే నలుగురు వెనక్కిపోతారు. వాళ్ళకి నువ్వు చెబుతావా?"

"చెబుతాను."

"చూద్దాం" అని ఆయన లేచాడు.

ఆ ఆసుపత్రిలో చూద్దాం అంటే చూడరని ఆయాలకి కూడా తెలుసు. శుక్రవారం జాబితాలో మేస్త్రి పేరు మళ్ళీ అడుగునే ఉంది. ఐదో వాయిదా. శని, ఆదివారాలు అక్క నిప్పుల మీద కూర్చున్నట్టు గడిపింది. "రేపు పొద్దున్నే వెళ్ళి సర్జన్ గది ముందు కూర్చుంటా. మంగళవారం జాబితా నాలుగింటికి మూసేలోపు ఆయనచేత ఔననో కాదనో అనిపిస్తా" అంది ఆదివారం బట్టలు మడతపెడుతూ. ఆ గదిదాకా వెళ్ళనేలేదు.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆవిణ్ణి శ్మశానానికి తీసుకెళ్ళారు. ఆసుపత్రి నుంచి సూపరింటెండెంట్ వచ్చాడు, నర్సులు వచ్చారు, గేటు దగ్గర కాపలా మనిషి కూడా వచ్చాడు. పెద్ద సర్జన్ రాలేదు. తమ్ముడికి అది పుండుమీద కారం చల్లినట్టయింది. నెల తర్వాత సంతాపసభలో ఆయన దగ్గరికొచ్చి చెయ్యి చాపితే, చూడనట్టు పక్కకి తిరిగి భార్యతో, "చూద్దామన్న మనిషి చివరిచూపుకైనా రాలేదు" అన్నాడు, నలుగురికీ వినబడేలా. సర్జన్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆరునెలలకి, అక్క బీరువా ఖాళీ చెయ్యమని కబురొస్తే తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళాడు. పుస్తకాలు సంచిలో సర్దుతూ హెడ్ సిస్టర్‌ని ఊరికే అడిగినట్టు అడిగాడు.

"ఆ మేస్త్రి ఏమయ్యాడు?"

"కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కుడికాలు దక్కింది. మీకు తెలీదా?"

"పెద్ద సర్జన్ ఉన్నారా?"

"ఎక్కడండీ, కిందటి నెల బదిలీ అయి వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకూ సరిగ్గా తెలీదు."

ఆవిడ ఆపరేషన్ల రిజిస్టరు తెచ్చి, పేజీ వెతికి తమ్ముడి ముందు పెట్టింది. అక్కని సాగనంపిన ఆ మంగళవారం జాబితా సర్జన్ సొంత దస్తూరీలో ఉంది. మొదటి వరసలో మేస్త్రి పేరు. మొదలు ఎనిమిది గంటలు, ముగింపు పన్నెండు నలభై. అక్క వేసిన అంచనా కంటే ఇరవై నిమిషాలు తక్కువ.