వెనక నుంచి మూడో బెంచీ

కొమరయ్య అంకుల్‌కి ఖాళీ సీటు కనబడితే చాలు, దాని మీద కర్చీఫు వేసేస్తారు. తను కూర్చోవడానికి కాదు, ఎవరో వస్తారని.

బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు పట్టడం మనవాళ్ళందరికీ తెలిసిన విద్యే. అంకుల్ పాతికేళ్ళ కిందట డోర్నకల్ నుంచి ఆ విద్యతో సహా కెనడాలో దిగారు. ఇక్కడికొచ్చాక డ్రైవింగ్ మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నారు, వాకిట్లో మంచు ఎత్తిపోయడం నేర్చుకున్నారు, కర్చీఫు మాత్రం మానలేదు. బ్రాంప్టన్ సిటీ బస్సులో పక్క సీటు మీద కర్చీఫు. డాక్టరు దగ్గర పక్క కుర్చీ మీద కర్చీఫు. ఒకసారి కటింగ్ షాపులో కూడా వేస్తే, షాపాయన బిత్తరపోయి అడిగాడట.

"అంకుల్‌జీ, ఇంకెవరికి కటింగ్?"

"వస్తరు."

"ఎవరు?"

"అరే, వస్తే నీకే తెలుస్తది గద!"

దమయంతి ఆంటీని కదిపితే పెళ్ళి దగ్గర మొదలుపెడతారు. "పెండ్లినాడు నేను చర్చిల అడుగుపెట్టేసరికి నా కుర్చీ మీద కర్చీఫు ఉన్నది బిడ్డా. ఇంకెవరన్నా కూసుంటరని భయమట! పెండ్లికూతురి కుర్చీల ఎవరు కూసుంటరయ్యా అని మా నాయిన ఒకటే నవ్వుడు."

ఆర్టీసీ బస్సులో సీటు పట్టడానికి ఒక అర్థం ఉంది. మా ఆంగ్లికన్ చర్చిలో పట్టడానికి ఏ అర్థమూ లేదు. మూడు వందల మంది పట్టే చర్చి అది. ఆదివారం వచ్చేది ముప్పై ఒక్కరు. వాళ్ళలో సగం మంది తెల్ల జుట్టు దొరసానులు, మిగతావాళ్ళు జమైకా ఆంటీలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు, మన అంకుల్, ఆంటీ. ఏ మూల చూసినా ఖాళీయే. అయినా ఆరాధనకు అరగంట ముందే అంకుల్ వెనక నుంచి మూడో బెంచీకి వెళ్ళి, ఇస్త్రీ చేసిన ఏడు తెల్ల కర్చీఫులు వరసగా పరిచి, తను చివర్న కూర్చునేవారు.

చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్ బార్బరా ప్రతి ఆదివారం తలలు లెక్కపెట్టి రిజిస్టర్లో రాస్తుంది. ఆవిడ పెన్సిల్ పట్టుకుని రాగానే అంకుల్ తన లెక్క చెప్పేవారు.

"థర్టీ వన్, ప్లస్ సెవెన్ కమింగ్."

"మిస్టర్ కొమరయ్యా, వచ్చినవాళ్ళనే రాస్తాం. రాబోయేవాళ్ళకి ఇందులో గడి లేదు."

"అయితే గీయండి మేడం. స్కేల్ కావాల్నా?"

ఒకసారి బిషప్ గారు వచ్చారు. అందరితో కలిసి కూర్చుంటే బాగుంటుందని ఆయన ముచ్చటపడి, పోయి పోయి ఆ బెంచీలోనే కూర్చోబోయారు. అంకుల్ లేచి చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "సారీ మై లార్డ్, రిజర్వ్‌డ్" అన్నారు. బిషప్ గారు ఆ ఖాళీ చర్చినంతా ఒకసారి కలయజూశారు. తర్వాత ముందు బెంచీకి వెళ్ళిపోయారు. దమయంతి ఆంటీ ఆ రోజంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నారు.

నేను 2022 సెప్టెంబరులో ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చాను. ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం. అమ్మ ఫోన్లో తిన్నావా అనడం కంటే ముందు చర్చికి పోయినవా అని అడిగేది. ఆ బాధ పడలేక ఒక ఆదివారం వెళ్ళి, ఎవరికీ కనబడకుండా స్తంభం వెనక కూర్చున్నాను. అందరూ తలలు వంచి పాపాలు ఒప్పుకునే ప్రార్థన మొదలైంది. మా సి.ఎస్.ఐ. చర్చిలో తెలుగులో చెప్పే ప్రార్థనే, ఇక్కడ ఇంగ్లీషులో. నా పెదాలు మాత్రం తెలుగులోనే కదిలాయి. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక కేక.

"ఏ బిడ్డా! గాడెందుకు కూసున్నవ్? ఇటు రా, సీటున్నది!"

ముప్పై తలలూ పాపాలు ఆపి నావైపు తిరిగాయి. సిగ్గుతో చచ్చి, ఆ కేక ఆగితే చాలని వెళ్ళి కూర్చున్నాను. ప్రార్థన అవగానే ప్రశ్నలు: ఏ ఊరు, ఏం పేరు, అమ్మ పేరేంది, పొద్దున ఏం తిన్నవ్.

"తెలుగుదాన్నని ఎట్లా తెలిసింది అంకుల్?"

"వెనక కూసునే జాగలు ఇన్ని ఉండంగ స్తంభం ఎనక దాక్కున్నవంటే, ఇంటికాడికి మనసు గుంజుతున్నట్టే. ఇంగ తెలుగా కాదా అనేది, కేకేస్తే తెలుస్తది."

నాలుగు వారాలు అక్కడే కూర్చున్నాను. తర్వాత వేర్‌హౌస్‌లో ఆదివారం షిఫ్ట్ వేశారు. "వచ్చే ఆదివారం వస్తా అంకుల్" అన్నాను. ఆ వచ్చే ఆదివారం ఐదు నెలలైనా రాలేదు.

నిజం చెప్పాలంటే వెళ్ళాలని ఉండేది. ఖమ్మం చర్చిలో చాప మీద అమ్మ మోకాలికి నా మోకాలు తగిలేలా కూర్చుని పాడేదాన్ని. చోటు చాలక విసుక్కునేదాన్ని కూడా. ఇక్కడ ప్యాకింగ్ టేబుల్ దగ్గర నా చుట్టూ కావలసినంత చోటు. ఆ ఇరుకు కోసం ప్రాణం కొట్టుకునేది. కానీ ఇన్నాళ్ళు పోకుండా ఇప్పుడు ఏ ముఖంతో పోవాలి?

మార్చిలో దమయంతి ఆంటీ ఫోన్ చేశారు.

"మీ అంకుల్ సరిగ అన్నం తింటలేడు బిడ్డా. వెనక మూడు బెంచీలు పీకేసి టీ తాగే జాగ చేస్తరట. మీటింగుల తీర్మానమైంది. ఈయన లేసి, అది రిజర్వ్‌డ్ అన్నడు. ఎవరికని ఆ బార్బరా అడిగింది. వస్తరన్నడు. ఎన్నేండ్లకు అని అందరు నవ్విండ్రు."

"హెలెన్ అయ్యగారు ఏమన్నారు?"

రెవరెండ్ హెలెన్ మా చర్చి ప్రీస్టు. పాస్టరును అయ్యగారు అనే అలవాటు కొద్దీ, ఆడమనిషైనా మా నోట ఆమె అయ్యగారే.

"ఈస్టర్ దాక ఆగుదామన్నది. అప్పటికి ఆ బెంచీ ఖాళీగనే ఉంటే సోమవారం పీకుతరు. ఆ బెంచీల కూసొని పోయిన మీ ఏడుగురికి ఫోన్ చెయ్యమన్న. చెయ్యనంటడు. పిలిస్తే మొహమాటానికి వస్తరట, వాళ్ళంతల వాళ్ళు రావాల్నట. అందుకే నేను దొంగతనంగ బాత్రూంలకెళ్ళి చేస్తున్న. నువ్వు రమ్మని కాదు, నీకు షిఫ్టులుంటయి. ఊరికె చెప్తున్న."

ఊరికే చెప్పిన ఆ మాట నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. ఈస్టర్ ఆదివారం కూడా నాకు షిఫ్ట్ ఉంది. సూపర్‌వైజర్‌ని అడిగితే తల అడ్డంగా ఊపాడు. కానీ గుడ్ ఫ్రైడే నాడు ఇక్కడ అందరికీ సెలవు, మా వేర్‌హౌస్ కూడా మూసేస్తారు. మన పిల్లలు ఆదివారాలు ఎగ్గొడతారేమో గానీ గుడ్ ఫ్రైడే ఎగ్గొట్టరు. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఆ రోజు జరిగే ఆరాధన మానేశామని తెలిస్తే అమ్మలు ఫోన్లోనే కడిగేస్తారు.

సెలవు రోజు బస్సులు తక్కువ కాబట్టి నేను చేరేసరికి రెండో మాట నడుస్తోంది. స్తంభం వెనక్కి జారుకుందామని చూస్తుండగా అంకుల్ నన్ను చూసేశారు. ఈసారి కేక వెయ్యలేదు. కళ్ళతోనే బెంచీ చూపించారు.

వెళ్ళి ఒక కర్చీఫు జరపబోయాను. అంకుల్ నా చెయ్యి పట్టుకుని ఆపి, పక్కదాన్ని చూపించారు. దాని మూల మీద నీలం ఇంకుతో తెలుగులో రాసి ఉంది: మృదుల, ఖమ్మం. నాలుగు వారాలు ఆ బెంచీలో కూర్చున్నాను గానీ ఆ మూల ఎప్పుడూ చూసుకోలేదు. కర్చీఫు మడత నలగలేదు, సబ్బు వాసన పోలేదు. ఐదు నెలలుగా వారం వారం ఉతికి, ఇస్త్రీ చేసి, నా చోట వేస్తూనే ఉన్నారన్నమాట. నేను ఎక్కడా లేననుకున్న రోజుల్లో కూడా ఇక్కడ కూర్చునే ఉన్నాను. అది ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ముక్కు తుడుచుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

మూడో మాటకు నల్గొండ శ్రీరామ్ వచ్చాడు. నాలుగో మాటకు ఏలూరు ధరణి, ఆమె వెనకే ఇంకో ఇద్దరు. ఎవరి కర్చీఫు వాళ్ళకి చూపించారు అంకుల్. ఐదో మాట, దాహం గురించి ప్రసంగిస్తూ హెలెన్ గారు తలెత్తి మా బెంచీ చూసి, చెప్పిన వాక్యమే మళ్ళీ చెప్పారు. సంవత్సరం మొత్తంలో నవ్వకూడని రోజంటూ ఒకటుంటే అది ఇదే. కొమరయ్య అంకుల్ ముఖం మాత్రం ఈ చెవి నుంచి ఆ చెవి దాకా విచ్చుకుని ఉంది. దమయంతి ఆంటీ మోచేత్తో పొడుస్తున్నారు. "నవ్వకయ్యా, ప్రభువు సిలువ మీదున్నడు!" "ఆదివారం లేస్తడు గదనే!" అని అంకుల్ గుసగుస.

ఆరాధన అయ్యాక బార్బరా రిజిస్టర్ పట్టుకొచ్చింది. "థర్టీ సిక్స్" అంది.

"ప్లస్ టూ కమింగ్" అన్నారు అంకుల్, అలవాటు కొద్దీ.

హెలెన్ గారు నా చేతిలో కర్చీఫు తీసుకుని ఆ మూల మీద ఏం రాసుందని అడిగారు. నా పేరు, మా ఊరు అని చెప్పాను. ఆమె ఏడింటినీ ఒకటొకటిగా చదివించుకున్నారు. రాని ఇద్దరి దగ్గర ఎక్కువసేపు ఆగారు. "బార్బరా, మిగతా రెండు బెంచీలు తీయిద్దాం" అన్నారు. బార్బరా పెన్సిల్ తీసింది. రిజిస్టర్లో ముప్పై ఆరు పక్కన, గడి లేకపోయినా, ప్లస్ రెండు అని చిన్నగా రాసింది.

నేనిప్పుడు మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడా ఒక చర్చి ఉంది, మంచివాళ్ళే. అయినా మనసు ఆ బెంచీ దగ్గరే ఉంటుంది. మొన్న ఆంటీకి ఫోన్ చేశాను.

"బెంచీ సరిపోతలేదు బిడ్డా, ఇప్పుడు దాని ముందరి బెంచీ గూడ పట్టిండు. కర్చీఫులు ఐపోయినయని నా టేబుల్ క్లాత్ చింపిండు. రేపు కర్టెన్లు చింపుతడేమో!"

"నాది ఉందా ఆంటీ, ఇంకెవరికైనా ఇచ్చేశారా?"

ఆంటీ ఫోన్ పక్కకు పెట్టి ఏదో అడిగారు. దూరంగా అంకుల్ గొంతు వినిపించింది.

"గిదేం ప్రశ్న? ఇస్త్రీ పెట్టె దాని మీదనే ఉన్నది. జర ఆగమను, మాడుతది!"