ఊదిన నీళ్ళు

దవాఖానల పిల్లల వార్డు ముందట మూడు రోజులసంది కూసున్న. ఇందాక ఎవలో మెట్లెక్కి పోతాంటే అత్తరు వాసన గుప్పుమన్నది, నా చెయ్యి దానంతటదే కుర్చీ పక్కన పెట్టుకున్న ఇత్తడి గిలాస మీదికి పోయింది. లోపల నా మనుమడు, ఐదేండ్ల పోరడు, డెంగీ జొరంతోని పడి ఉన్నడు. ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోతనే ఉన్నయంటాండ్రు.

ఈ గిలాస మా అమ్మది. మండిబజార్ దగ్గరి గల్లీల మా నాయినకు కిరాణ దుకాణం, గల్లీ చివర మసీదు, దాన్ని ఆనుకొని గిన్నెలకు కళాయి పోసే ఖాసిం చాచా కొట్టు. వానకాలం వచ్చిందంటే ఇంటికొక పోరడు జొరంతోని మూలిగెటోడు. డాక్టర్ ఇచ్చిన ఎర్రమందు తాపిచ్చి, పొద్దుగూకంగనే మా తమ్మున్ని దుప్పట్ల చుట్టి సంకకెత్తుకొని, ఈ గిలాస నిండ నీళ్ళు నా చేతికిచ్చి, "ఒలకబోస్తివా, వీపు పల్గుతది" అని బెదిరిచ్చుకుంట అమ్మ మసీదు మెట్ల కాడికి నడిచేది. అక్కడ గాజులామె, పూలామె, చాచా కోడలు, ఇంకా ఎందరో తల్లులు పిల్లల్నెత్తుకొని వరుసకు నిలబడి ఉండెటోళ్ళు. నమాజు కాంగనే అత్తరు, చెమట, బీడి వాసనలు కలగలిసి మొగోళ్ళు బయటికొచ్చి, ఒక్కొక్కరు ఆగి, పెదవులల్ల ఏదో చదువుకొని, తమ్ముని నెత్తి మీద ఒకసారి, గిలాసల నీళ్ళ మీద ఒకసారి ఊది పోయెటోళ్ళు.

అందరికన్న ఆఖరుకు చాచా వచ్చెటోడు. పగలంతా కొలిమి కాడ కళాయికి చల్లే నవాసారం పొగ మింగి ఎర్రబడ్డ కండ్లు మూసుకొని, వంగి, ముమ్మారు ఊదెటోడు. ఆ గడ్డం ముక్కుకు తగిలి నాకు కిసుక్కున నవ్వొస్తే అమ్మ తొడపాశం పెట్టేది. ఒకనాడు అమ్మ చక్కెర పొట్లం ఇయ్యబోతే చేతులు ఎనుకకు పెట్టుకున్నడు.

"ఊపిరి నాదా బిడ్డా? ఇచ్చినోడు అల్లా. జర తాపియ్యి, ఫికర్ చెయ్యకు."

రంజాన్‌కు ఆయనింట్ల వండింది మేం తినేటోళ్ళం కామని తెలిసి సేమ్యాలు, ఖర్జూరాలు, సారపప్పు, చెంబెడు పాలు విడివిడిగ పంపెటోడు. అమ్మ మా పొయ్యి మీదనే ఖీర్ కాసి గల్లీ పిల్లలందరికి పోసేది. దసరాకు జమ్మి ఆకు ఆయన చేతుల పెట్టి నేను కాళ్ళు మొక్కబోతే మొక్కనియ్యక, నెత్తి మీద చెయ్యి పెట్టెటోడు.

తమ్ముడు బతికిండు. డాక్టర్ మందుకే బతికిండు, అంత తెల్వనిదాన్నేం గాను. గని మా తమ్ముడు బతకాలని అంతమంది పరాయోళ్ళు మెట్ల మీద ఆగి కోరుకున్నరే, అది ఏ మందుల దుకాణంల దొరుకుతది?

నేను పదో తరగతిల ఉన్నప్పుడు బయటోళ్ళెవలో లేపిన లొల్లిల చాచా కొట్టు మీద రాళ్ళు పడ్డయ్. మేం తలుపులేసుకొని కూసున్నం. వారం తిరగకముందే ఆయన ఇల్లు ఖాళీ చేసిండు. పోయేనాడు మా గడప ముందట ఆగి అమ్మను పేరు పెట్టి పిలిచిండు. "తియ్యకు" అన్నడు నాయిన. అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. నా చెయ్యి గొళ్ళెం మీదనే ఉన్నది, నేను తియ్యలే. ఆయన మళ్ళ కనపడలే.

నిన్న పొద్దుగూకంగ మా పాత గల్లీ మసీదుకు పోతనంటే నా కొడుకు అడ్డం పడ్డడు.

"వద్దమ్మా, ఎవడన్న వీడియో తీసి పెడితే లేనిపోని లొల్లి."

"నీ లొల్లి బొందపెట్ట, పోరడు పోతాండురా!" అని గిలాసల నీళ్ళు పట్టుకొని ఆటో ఎక్కిన.

మెట్లు గ్రానైట్‌వి అయినయ్, ఇనుప గేటు పెట్టిన్రు. తల్లులు ఒక్కరు లేరు. బయటికొచ్చినోళ్ళు నా మొకం మీది బొట్టు చూసి, తల దించుకొని పక్కకెళ్ళి పోతాండ్రు. ఒక నడివయసాయన మాత్రం ఆగిండు.

"ఏం కావాలె అమ్మా?"

"మనుమడు చావుబతుకులల్ల ఉన్నడు. జర ఊదు బిడ్డా."

ఆయన కండ్లు మూసుకున్నడు, పెదవులు కదిలినయ్. అంతట్లనే ఎదురుంగ పాన్‌డబ్బ కాడ ఎవడో ఫోనెత్తి మా దిక్కు పట్టిండు. ఆయన మొకంల నెత్తురు లేదు.

"మాఫ్ చెయ్యమ్మా, నాకూ పిల్లలున్నరు. ఇంట్ల దువా చేస్త" అని గబగబ పోయిండు.

ఆయన మీద నాకు కోపం రాలే. ఆ భయం నేనెరిగిందే, గొళ్ళెం మీద చెయ్యి పెట్టి నిలబడ్డదాన్ని.

ఇప్పుడే డాక్టర్ వచ్చి, ఇంకా ఏం చెప్పలేమన్నడు. కళాయి అంత పోయిన గిలాసల నిన్నటి నీళ్ళు అట్లనే ఉన్నయ్, పారబోయ బుద్ధయితలేదు. చాచా ఏం చదివెటోడో నాకు ఒక్క మాట తెల్వదు, అన్నేండ్లు పక్కన నిలబడి ఒక్కనాడు అడగలే. ఏ మాట లేకుంటనే నేనే ఊదుదామని గిలాస నోటి కాడికి తెచ్చుకున్న. ఏడుపొస్తాంది గని ఊపిరొస్తలేదు.