నడిపమ్మాయి కోసం ప్రార్థన

నేనెరిగిన మొదటి ఇంగ్లీషు నవలను నేను చదవలేదు, విన్నాను. అదీ ఏలూరులో, మా ఇంటి వెనక వరండాలో, మామ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుండగా. చెప్పింది మా మేనత్త. మిషను బడి దొరసాని గారి బీరువాలోంచి అడిగి తెచ్చిన పుస్తకం అది. అప్పటికే నూరేళ్ళు పైబడిన దొరల కథ. గుర్రబ్బళ్ళు, డాన్సులు, ఒక పెద్దమనిషికి పెళ్ళికెదిగిన ముగ్గురు కూతుళ్ళు. ఆ దొరల పేర్లు మామ్మకి నోరు తిరగలేదు. అందుకని మా ఇంట్లో వాళ్ళు పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అయిపోయారు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక యుద్ధం నడుస్తోంది. అత్త వాళ్ళ అక్కా, చెల్లెలూ పెళ్ళిళ్ళయి అత్తవారిళ్ళకి వెళ్ళిపోయారు. మధ్యది అత్త, ట్రైనింగు పాసై ఇంట్లో ఉంది. తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల బడివాళ్ళు పంతులమ్మ ఉద్యోగం ఇస్తామన్నారు, బోర్డింగులో గదితో సహా. వేసవి సెలవులు అయ్యేలోగా ఔనో కాదో చెప్పాలి. అత్తకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. మామ్మ ససేమిరా అంది.

“పెళ్ళి కాని పిల్ల ఊరు కాని ఊళ్ళో ఒక్కర్తీ ఉండడం ఏంటి? నా కంఠంలో ప్రాణం ఉండగా కుదరదు.”

తాడేపల్లిగూడెం ఎంత దూరమని! మామ్మ లెక్కలో అది రంగూనుకి అవతల. మా నాన్న సంగతి ఎత్తను. తల్లి మాటకి ఎదురు చెప్పి ఎరగని మనిషి ఆయన.

ఇంత యుద్ధంలోనూ మధ్యాహ్నం కథ మాత్రం ఆగేది కాదు. కథకి అడ్డు తగలడంలో మామ్మది అందె వేసిన చెయ్యి.

“నెలకి మూడు డాన్సులాడితే వీళ్ళు ఊడ్పులకి ఎప్పుడెళ్తారే?”

“వాళ్ళకి కౌలుదార్లు ఉంటారమ్మా.”

“అదీ సంగతి. పని లేకే ఈ ప్రేమలన్నీ.”

పెద్దమ్మాయి వానలో తడిసి జ్వరం తెచ్చుకుంటే, కొల్లేరు నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంప దించి చతికిలబడింది. “కాసింత కొరమీను పులుసు పెట్టమనండి అమ్మగారండీ, నోటికి రుచి తెలుస్తది” అంది. అత్త ఎవరినీ చిన్నబుచ్చేది కాదు. మర్నాడు కథలో దొరగారింట్లో కొరమీను పులుసు ఉడికింది.

ఆఖరికి పెద్దమ్మాయికి జమీందారు, చిన్నమ్మాయికి కెప్టెను కుదిరారు. పుస్తకం అయిపోయింది.

“మరి నడిపిదో?” అంది మామ్మ చేట ఆపి.

“టీ పోసింది, అక్కాచెల్లెళ్ళ గౌన్లకి అంచులు కుట్టింది. అంతేనమ్మా, ఇంకేం రాయలేదు.”

“అదేం న్యాయమే? విస్తరి వేసి, వడ్డించకుండా లేపేసినట్టు!”

పుస్తకం దొరసాని గారి బీరువాకి తిరిగి వెళ్ళిపోయింది. కథ మాత్రం మర్నాడూ సాగింది. అత్త సొంతంగా అల్లుతోందని మామ్మ గమనించలేదు. నేను గమనించాను గానీ నోరు మూసుకున్నాను, నాకు కథ కావాలి. ఈ కొత్త కథలో నడిపమ్మాయి పట్టుదలగా చదువుకుంది. పక్క ఊళ్ళో బడి పెట్టినవాళ్ళు ఆమెని రమ్మన్నారు. తల్లి పంపనంది.

మామ్మకి ఆ తల్లి మీద ఒళ్ళు మండిపోయింది. “కన్నతల్లేనా అది? బంగారంలాంటి పిల్లని టీ పోయడానికి అట్టేపెట్టుకుంటుందా?” అంటూ, సొంత కూతురు అందించిన కాఫీ గ్లాసు అందుకుంది. మా అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

ఆ వారమే చర్చిలో స్త్రీల ప్రార్థన కూటం. అక్కడ ఇతరుల కష్టం చెప్పి ప్రార్థించేటప్పుడు పేరు ఎత్తకపోవడం మర్యాద. “ఒక సహోదరి” అంటే చాలు. అది ఎవరో పక్కన కూర్చున్నవాళ్ళు కళ్ళు మూసుకునే పోల్చేస్తారు. మామ్మ వంతు వచ్చింది.

“ప్రభువా, ఒక నడిపి పిల్ల ఉంది తండ్రీ. చదువుకున్న పిల్ల. పక్క ఊరి బడిలో ఉద్యోగం వచ్చింది. కన్నతల్లే కదలనివ్వడం లేదు. ఆ తల్లి రాతిగుండె కరిగించు తండ్రీ!”

చర్చి దద్దరిల్లేలా ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచి అందరూ మామ్మనే చూశారు. పాస్టరమ్మ గారు వచ్చి చేతులు పట్టుకున్నారు.

“ఎంత తగ్గింపు మనసండీ మీది! మన తప్పు మనమే అందరిలో ఒప్పుకోవడం సామాన్యమాండీ? అమ్మాయిని ఎప్పుడు పంపుతున్నారు?”

ఇంగ్లీషు నవల్లో పిల్ల కోసం ప్రార్థన చేశానని చర్చిలో చెప్పుకోవడం కన్నా రాతిగుండె అనిపించుకోవడమే నయం అనుకుంది కాబోలు మామ్మ.

“సెలవులు అవగానేనండీ” అంది.

ఇంటి గుమ్మంలోకి వచ్చాక అత్త మీద విరుచుకుపడింది. “నా చేత నా మీదే ప్రార్థన చేయించావు కదే!”

“నేను చేయమన్నానా అమ్మా?”

“సరేలే. దేవుణ్ణి అడిగాక వెనక్కి తీసుకోకూడదు. వెళ్ళు.”

ప్రయాణం ముందు రోజు అత్త ట్రంకుపెట్టె సర్దుకుంటోంది. మామ్మ దగ్గరే కూర్చుని చీరలు మడిచి అందిస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

“అవునే, పిల్ల వెళ్ళిపోయాక ఆ తల్లి ఏమైంది?”

“ఆవిడ గురించి ఇంకా ఆలోచించలేదమ్మా.”

“ఎవరాలోచిస్తారులే. మధ్యాహ్నాలు ఆవిడకి తోడు ఎవరుంటారో అది కూడా కాస్త చెప్పు.”

అత్త చేతిలో చీర పక్కన పెట్టేసింది. ఊరు కాని ఊరు, పెళ్ళి కాని పిల్ల, అన్నీ ఉత్త సాకులని నాకు అప్పుడు తెలిసింది. మామ్మకి బెంగ. ఇంటినిండా మేం ఇంతమందిమి ఉన్నా, ఆ ఒక్క కూతురు లేని మధ్యాహ్నాలంటే బెంగ. నాకు ఏడుపు ఆగలేదు.

అత్త మామ్మ పక్కన చేరి మెల్లిగా కథ అందుకుంది.

“ఆవిడ వారం వారం కూతుర్ని చూడ్డానికి వెళ్ళేదమ్మా. రోజంతా గుర్రబ్బండిలో కుదుపులే. వాళ్ళకి అప్పటికింకా రైలు రాలేదు.”

మామ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది.

“మనకి ఉంది కదే” అంది.