కాల్గరీలో పప్పు ఉడకడానికి పట్టిన సేపు

టొరంటో దగ్గరి వాటర్లూలో ముప్పై ఏళ్ళు కాపురమున్నవాడు డెబ్బై దాటాక కాల్గరీకి మకాం మారుస్తానంటే ఎవరైనా కారణం అడుగుతారు. నేను దాచలేదు. పోయిన చలికాలం నా భార్య వసుంధర ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతో ఆస్పత్రిలో ఉండి వచ్చింది. ఏళ్ళ తరబడి మా ఇంట్లో పండగ భోజనాలు చేసినవాళ్ళు ఫోన్లో దండం బొమ్మలు పంపారు. మూడు వీధుల అవతల ఉండే డాక్టర్ నాగభూషణం గారు, నా అలమరలో పుస్తకాలు సగం పట్టుకెళ్ళి తిరిగివ్వని పెద్దమనిషి, ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అని మెసేజ్ పెట్టి ఊరుకున్నారు. రోజూ ఫోన్ చేసింది ఒక్కతే, కాల్గరీలో ఉన్న వసుంధర చెల్లెలు ఉష. అందుకని ఉగాది సభలో మైకు తీసుకుని, చెల్లెలున్న ఊరికి వెళ్ళిపోతున్నామనీ, ఇక మీ ముఖాలు చూడక్కర్లేదనీ చెప్పి స్టేజి దిగాను. చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

వసుంధరకు వైద్యం చేసే డాక్టరమ్మ మాత్రం ఒక మాటంది. కాల్గరీ సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంది, ఆ గాలి అందరికీ పడుతుందని చెప్పలేను, ఇల్లు అమ్మేముందు వెళ్ళి ఓ వారం ఉండి చూడండి అని. జూన్‌లో బయలుదేరాం. టొరంటో నుంచి పొద్దున విమానంలో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడ గడియారం రెండు గంటలు వెనక ఉంటుంది కాబట్టి మధ్యాహ్న భోజనానికే దిగవచ్చు. వసుంధరకున్నట్టు వెంట ఆక్సిజన్ యంత్రం ఉంటే విమానం వాళ్ళకు ముందుగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి. ఎయిర్‌పోర్టు నుంచి ఉష వాళ్ళింటికి టాక్సీకి యాభై డాలర్ల దాకా అయింది. డ్రైవరు పంజాబీ.

“ఇల్లు కొనడానికా అంకుల్? టొరంటో వైపు వాళ్ళంతా అందుకే వస్తున్నారు. నీళ్ళు బాగా తాగండి. మొదట్లో ముక్కులోంచి రక్తం వస్తుంది. తర్వాత అలవాటైపోతుంది” అన్నాడు హిందీలో.

“కాకపోతే?”

“వెనక్కి వెళ్ళిపోతారు. వాళ్ళనీ నేనే ఎయిర్‌పోర్టులో దించుతాను.”

మర్నాడు పొద్దున నా తోడల్లుడు మూర్తి తమ వీధిలోనే అమ్మకానికున్న ఇల్లు చూపించాడు. మెట్లెక్కే పని లేని ఇల్లు. మా కోసం నెల రోజులుగా దాని మీద కన్నేసి ఉంచాడట. ఊళ్ళో ప్రతి కొండనూ తానే పేర్చినట్టు మాట్లాడే మనిషి. పడమటి కిటికీ తెర లాగి, దూరంగా మంచు కొండల వరస చూపించి, “వాస్తు ప్రకారం పడమర ఎత్తుండాలి కదా అన్నయ్యగారూ, రాకీ పర్వతాల కంటే ఎత్తేం కావాలి?” అన్నాడు. పెళ్ళినాటి నుంచీ నాకు అతనితో పడదు. అయినా ఆ ఇల్లు బాగుంది. వసుంధర వంటగదిలో నిలబడి తిరగమోత డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుంది.

ఉష వాళ్ళింటికి తిరిగి రాగానే తానే వంట చేస్తానంది. వసుంధర పప్పు గిన్నెలోనే ఉడకబెడుతుంది. పప్పు మెత్తబడాలి గానీ పలుకు కనపడాలి. నాకూ అదే అలవాటు.

“కుక్కర్లో పడేద్దాం అక్కా, ఇక్కడ గిన్నెలో అంత తొందరగా ఉడకదు” అంది ఉష.

“కుక్కరు పప్పు మీ ఆయనకు పెట్టుకో. మీ బావగారు ముట్టరు.”

“ముట్టకపోతే మానేస్తారు. ఎండిపోతారా ఏంటి?”

అక్కాచెల్లెళ్ళు నవ్వుకున్నారు. ఇంత ఎత్తున నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. గిన్నెలో తెర్లుతూ కనపడుతుంది గానీ పప్పు మెత్తబడదు. వసుంధర గరిటెతో నొక్కి చూస్తూ, నీళ్ళు పోస్తూ పొయ్యి దగ్గరే నిలబడింది. కూర్చోమంటే అయిపోవచ్చిందంది. చివరికి ఒక చెయ్యి గట్టుకు ఆనించుకుని నిలబడింది. మూర్తి కుర్చీ తెచ్చి వెనక పెట్టాడు. వేలికి ఆక్సీమీటరు తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూశాను. డాక్టరమ్మ దిగకూడదన్న అంకెకు దిగువన ఉంది. యంత్రం పెట్టాం. ఆ రోజు అందరం కుక్కరు పప్పే తిన్నాం. బాగుందన్నాను. వసుంధర నా ముఖంలోకి చూసింది.

ప్రయాణం బడలిక అనుకుని రెండు రోజులు చూశాం. యంత్రం తీస్తే అంకె నిలబడలేదు. మూడో రోజు నలుగురం కారులో కాన్‌మోర్ వెళ్ళాం. కాల్గరీ నుంచి పడమరగా హైవే మీద గంట పైన ప్రయాణం. ఆ ఊరు ఇంకా ఎత్తున ఉంటుంది. వద్దన్నాను. ఒక్కసారి కొండలు దగ్గర నుంచి చూస్తానని వసుంధరే పట్టుపట్టింది. యంత్రం వెంట పెట్టుకుని నది ఒడ్డున బల్ల దాకా నడిచి కూర్చుంది. ఎదురుగా మూడు శిఖరాలు. వాటిని అక్కచెల్లెళ్ళంటారని ఉష చెప్పింది.

“నేను రాలేనే ఉషా” అంది వసుంధర.

“అప్పుడే ఏం చెప్తావక్కా? ఇంకా వారం ఉండి చూడు.”

“ఎన్నాళ్ళున్నా ఇంతే. నీ ఇంటికొచ్చి నీ ఎదుటే కుర్చీలో పడి ఉండటానికి రానా?”

ఉష అక్క ఒళ్ళో తల పెట్టుకుంది. అరవై దాటిన మనిషి. మూర్తి కారు దగ్గరికి తెస్తానని వెళ్ళి, చాలాసేపు తేలేదు. చివరికి ఉషే లేచి వెతకడానికి వెళ్ళింది.

అప్పుడు వసుంధర నాతో, “ఇంటికెళ్ళగానే నాగభూషణం గారిని భోజనానికి పిలవండి” అంది.

“ఉగాదినాడు నేనన్నవన్నీ నిజాలే.”

“నిజాలే. కాదన్నానా? కానీ నేనిక అక్కడే ఉండాలి. మీరు ఇంట్లో లేనప్పుడు నేను పడిపోతే తలుపు తట్టాల్సింది వాళ్ళే. ఉష కాదు.”

వాటర్లూ చేరిన మర్నాడు నాగభూషణం గారికి ఫోన్ చేశాను. ఆయన కాల్గరీ ఊసెత్తలేదు. “ఎన్నింటికి రమ్మంటారు?” అన్నారు, అంతే.

ఆదివారం భార్యతో వచ్చారు. ఒక్క పుస్తకమూ తేలేదు. నా అభిప్రాయం మారలేదు. ఈ ఊరివాళ్ళు జబ్బు మనిషిని చూడటానికి రాని వాళ్ళే, నేను వాళ్ళను క్షమించలేదు. కానీ ఆ పూట నాగభూషణం గారు వెళ్ళబోతూ, అడగకుండానే, మా తాళంచెవి ఒకటి తమ ఇంట్లో ఉంచమన్నారు. వసుంధర లోపలికి వెళ్ళి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఆయనకిచ్చాను. కొండల దాకా వెళ్ళి నేను నేర్చుకున్నది అదే. ఉష ఇప్పటికీ రోజూ ఫోన్ చేస్తుంది. ఆ పడమటి కిటికీ ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారట.

ఎత్తు ఊరికి మారాలనుకునే వాళ్ళకు ఒక్క మాట. ముందు డాక్టరును అడిగి, అక్కడ వారం రోజులు మీ ఇంట్లో చేసుకునే పనులన్నీ చేసుకుంటూ ఉండి చూడండి. ఉన్న ఊళ్ళో అనదలచుకున్న మాటలు తిరిగొచ్చాక అనవచ్చు.