అరిచి పాడే అమ్మాయి

అనకాపల్లిలో తుని బస్సు ఎక్కితే, పక్క సీట్లో ఒకమ్మాయి గిటారు పెట్టెను ఒళ్లో నిలబెట్టుకుని కూర్చుంది. నల్ల టీషర్టు, పొట్టిగా కత్తిరించిన జుట్టు.

"ఏటి పాడతావమ్మా?" అని అడిగాను.

"పంక్ రాక్ ఆంటీ. కోపమంతా అరిసి పాడతాను," అంది. గొంతు బొంగురుగా ఉంది. వెనక పాటల కంపెనీ ఏదీ లేదట. పాట రాయడం, గదిలోనే రికార్డు చేయడం, ఊరూరా తిరిగి పాడటం అన్నీ తనే.

"మరి మీ వోళ్లేటన్నారు?"

"ఆడపిల్లవి, ఆ అరుపులతో పరువు తీత్తన్నావు, గుమ్మం తొక్కొద్దన్నారు. రాత్రి మా మామ్మ పోయింది. పొద్దున్నే పెదనాన్న ఫోన్ సేసేడు. రాగం తీసి ఏడిసేవోళ్లు ఇంట్లో ఎవరూ మిగల్లేదంట. నువ్వొచ్చి ఏడవాలమ్మా అన్నాడు."

ఊళ్లో ఎవరు పోయినా శవం పక్కన కూర్చుని, వాళ్ల మంచీ చెడూ చెబుతూ రాగం తీసి ఏడ్చేది ఆ మామ్మేనట. అరవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నానంది.

"ఏడవగలవా మరి?"

"స్టేజీ మీద ఎప్పుడూ బయపడలేదు ఆంటీ," అని కిటికీ వైపు తిరిగింది.

నక్కపల్లిలో దిగేముందు సీసాలో నీళ్లు ఒక్క గుక్క తాగి, గొంతు సవరించుకుంది.

ఇది జరిగిన కొన్నాళ్లకి, మొన్న మా అత్తగారు పోయినప్పుడు అందరం ఫోన్లు సైలెంటులో పెట్టుకుని, ముక్కులు తుడుచుకుంటూ కూర్చున్నాం. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆ అమ్మాయి నంబరైనా అడిగి ఉంచుకోవాల్సింది అనుకున్నాను.